పార్కుకు ఒంటరి ప్రయాణం: చేతితో నడిపే వీల్‌చైర్‌లో వెళ్లేవారు మెట్రో, బస్సు, క్యాబు, ఆటోల్లో దేన్ని ఎంచుకోవాలి?

రామోజీ ఫిల్మ్ సిటీకో, వండర్‌లాకో, జూపార్కుకో తోడు లేకుండా వెళ్లి రావాలనుకునే వీల్‌చైర్ వాళ్లు మొదట అడిగే ప్రశ్నలు రెండే: ఎంత దూరం, ఎంత కిరాయి. పన్నెండేళ్లుగా చేతితో నడిపే వీల్‌చైర్‌లో, చాలావరకు ఒంటరిగానే హైదరాబాద్ తిరుగుతున్న నేను ఆ రెండింటికన్నా ముందు మరొక లెక్క వేసుకోమంటాను. ఇల్లు దాటింది మొదలు మళ్లీ ఇల్లు చేరేదాకా మీ కుర్చీ మీ చేతికి అందకుండా ఎన్నిసార్లు పోతుందో వేళ్ల మీద లెక్కపెట్టండి. కుర్చీలో కూర్చునే ప్రయాణం చేయగలిగితే ఆ లెక్క సున్నా. కుర్చీని మడిచి డిక్కీలో పెట్టించుకుంటే ఒకటి. పార్కు లోపల బస్సు ఎక్కి దిగిన ప్రతిసారీ ఇంకొకటి చేరుతుంది. ఈ అంకె ఎంత చిన్నదైతే ప్రయాణం అంతగా మన చేతిలో ఉంటుంది.

ఈ లెక్క నాకు ఊరికే తట్టలేదు. కొన్నేళ్ల క్రితం వేరే రాష్ట్రంలోని ఒక వినోద పార్కులో చిన్న రైలు ఎక్కాను. ఎక్కడానికి సాయం చేసిన కుర్రాడు నా కుర్చీని దారికి అడ్డం లేకుండా ఎక్కడో పక్కన పెట్టాడు. రైలు చుట్టు తిరిగి వచ్చి మరో వైపు ఆగింది. ఈలోగా ఆ కుర్రాడి డ్యూటీ అయిపోయింది. కుర్చీ ఎక్కడుందో చెప్పగలిగినవాళ్లు అక్కడ ఎవరూ లేరు. దాదాపు ముప్పావుగంట సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను, కుషన్ కూడా కుర్చీలోనే ఉండిపోయింది. వెన్నుపాము దెబ్బతిని నడుము కింద స్పర్శ లేనివారికి గట్టి బల్ల మీద అంతసేపు కదలకుండా కూర్చోవడం ఎంత ప్రమాదమో మనవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. చర్మం మీద ఒత్తిడి పుండు పడితే మానడానికి నెలలు పడుతుంది. ఆ రోజు నుంచి కుర్చీ నాకు దూరమయ్యే ప్రతి సందర్భాన్నీ ముందే గుర్తించి, వీలైనన్ని తగ్గించుకునే దారి వెతకడం అలవాటు చేసుకున్నాను. కింద చెప్పబోయే పోలికలన్నీ ఆ అలవాటులోంచి వచ్చినవే.

ముందు మీ కుర్చీ ఏ రకమో చూసుకోండి

వాహనాన్ని ఎంచుకునే ముందు కుర్చీ బరువు, అది మడిచే పద్ధతి చూసుకోవాలి, ఎందుకంటే ఒకరికి సులువైన దారి మరొకరికి అసాధ్యం కావచ్చు. మందుల దుకాణాల్లో, సర్జికల్ షాపుల్లో దొరికే మడిచే స్టీలు కుర్చీలు సాధారణంగా 15 నుంచి 20 కిలోల మధ్య ఉంటాయి. సీటు మధ్యలో పైకి లాగితే రెండు పక్కలూ దగ్గరకు వచ్చి పలుచగా మడుచుకుంటాయి కాబట్టి ఆటోలో కాళ్ల దగ్గర నిలబెట్టుకోవచ్చు, కానీ కూర్చున్నచోటు నుంచి మనమే ఎత్తి లోపల పెట్టుకోవడం భుజాలకు భారం. మడవడానికి వీలులేని గట్టి ఫ్రేము కుర్చీలు దాదాపు 10 కిలోలే ఉంటాయి. వాటి వెనక చక్రాలు బొత్తాము నొక్కితే ఊడి వస్తాయి, వీపు ముందుకు వాలుతుంది, అందువల్ల చిన్న కారు డిక్కీలో అయినా, ముందు సీటు మీదయినా పట్టేస్తాయి.

ముందున్న చిన్న చక్రాలను కూడా ఒకసారి చూడండి. అవి ఎంత చిన్నవైతే గచ్చు మీద అంత చురుకుగా తిరుగుతాయి, రాతిపలకల సందుల్లో, డ్రైనేజీ జాలీల్లో అంత తేలికగా ఇరుక్కుంటాయి. పార్కుల్లో అలంకారానికి పరిచే గుండ్రాళ్ల బాటలే వీటికి అసలు శత్రువులు. ముందు చక్రాలను ఒక క్షణం గాలిలోకి లేపి వెనక చక్రాల మీదే నిలిచే నేర్పు మీకు ఉంటే సగం అడ్డంకులు తొలగిపోతాయి. లేకపోతే ఫిజియోథెరపిస్టు దగ్గర, వెనక ఒకరిని నిలబెట్టుకుని, అది నేర్చుకున్నాకే ఒంటరి ప్రయాణం పెట్టుకోండి.

మెట్రో: కుర్చీ దిగకుండా వెళ్లగలిగే దారి

నా లెక్కలో సున్నా వచ్చే ప్రజా రవాణా హైదరాబాద్‌లో మెట్రో రైలు. 2017 నవంబరులో మొదలై, 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా, 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మా గాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) దాకా వచ్చింది. స్టేషన్లన్నీ రోడ్డుకు పైన ఉంటాయి. కింది నుంచి టికెట్ల అంతస్తుకు ఒక లిఫ్టు, అక్కడి నుంచి ప్లాట్‌ఫారానికి మరొక లిఫ్టు ఎక్కాలి. టికెట్ గేట్లలో వీల్‌చైర్ పట్టే వెడల్పు గేటు ఉంటుంది. బోగీలో గుర్తు వేసిన చోట కుర్చీ నిలుపుకోవచ్చు. ప్లాట్‌ఫారం, బోగీ నేల ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి ఎవరూ ఎత్తి ఎక్కించాల్సిన పని ఉండదు.

జాగ్రత్త పడాల్సింది రెండిటి మధ్య ఉండే సందు దగ్గర. ఎక్కేటప్పుడు తలుపుకు ఎదురుగా నిటారుగా నిలిచి, ముందు చక్రాలను కొద్దిగా లేపి ఒక్క తోపులో దాటాలి. ఏటవాలుగా వెళ్తే చిన్న చక్రం అడ్డం తిరిగి సందులో పడుతుంది. దిగేటప్పుడు మాత్రం వెనక్కి తిరిగి దిగడం మేలు, ఎందుకంటే పెద్ద చక్రాలు ముందుగా ప్లాట్‌ఫారం ఎక్కితే చిన్నవి వాటి వెంట వచ్చేస్తాయి. రైలు ఆగేది కొద్ది సెకన్లే కాబట్టి మీ స్టేషన్ రాకముందే, అంతకుముందు స్టేషన్ దాటగానే, తిరిగి సిద్ధంగా ఉండండి. తలుపు దగ్గర నిలబడ్డవారిని "అన్నా, నెక్స్ట్ స్టేషన్ల దిగాలె, జరంత జరుగుర్రి" అని ముందే అడిగితే దారి ఇవ్వనివాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

మెట్రోలో ఉన్న లోటల్లా అది మధ్యలోనే ఆగిపోవడం. ఫిల్మ్ సిటీకి, వండర్‌లాకు, జూకు దేనికీ మెట్రో నేరుగా వెళ్లదు. మరో చిక్కు లిఫ్టుది. ఒక లిఫ్టు పనిచేయకపోతే ప్రయాణమంతా అక్కడే ఆగిపోతుంది. చాలా స్టేషన్లలో రోడ్డుకు రెండు వైపులా లిఫ్టులు ఉంటాయి, కానీ అవతలి వైపు వెళ్లాలంటే ఆ రోడ్డు దాటాలి కదా. దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రం ఆరింటికి రోడ్డు దాటడం ఎంత పనో అక్కడివాళ్లకు తెలుసు. లిఫ్టు పనిచేయడం లేదని కనిపిస్తే రోడ్డు దాటే ప్రయత్నం మాని, స్టేషన్ దగ్గరి సెక్యూరిటీ సిబ్బందిని పిలిచి అడగమని నా సలహా.

అమీర్‌పేటలో లైను మారాల్సినవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. రెండు లైన్లు వేర్వేరు అంతస్తుల్లో ఉండటం వల్ల మధ్యలో మళ్లీ లిఫ్టు ఎక్కాలి, ఆఫీసుల వేళలో ఆ లిఫ్టు ముందు పెద్ద వరుస ఉంటుంది. ఉదయం పదకొండు తర్వాత బయలుదేరితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

బస్సు, ఆటో, క్యాబు

ఆర్టీసీ బస్సు అన్నిటికన్నా చవక. లో-ఫ్లోర్ బస్సు వచ్చి, అందులో ర్యాంపు పనిచేసి, డ్రైవరు దాన్ని ఫుట్‌పాత్‌కు ఆనించి ఆపితే లెక్క మెట్రోలో లాగే సున్నా. ఈ మూడూ ఒకేసారి కుదురుతాయని నమ్మి పార్కు ప్రయాణం పెట్టుకోలేము. మెట్లున్న మామూలు బస్సు ఎక్కాలంటే ఇద్దరు మనల్ని మోయాలి, ఒకరు కుర్చీని ఎక్కించాలి. కాబట్టి ఒంటరి ప్రయాణానికి నేను బస్సును లెక్కలోకి తీసుకోను. అయితే మీ కాలనీ నుంచి మెట్రో స్టేషన్ దాకా లో-ఫ్లోర్ బస్సు తిరుగుతూ ఉంటే ముందు ఆ చిన్న దూరంలో ఒకటి రెండుసార్లు ప్రయత్నించి చూడండి.

ఆటో గురించి నా అభిప్రాయం చాలామంది అభిప్రాయానికి భిన్నం. కుదుపులు ఉంటాయి, సీటు మన కుర్చీకన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి కింది నుంచి పైకి శరీరాన్ని లేపుకోవాలి, ఇది భుజాలకు నిజంగానే కష్టం. కానీ డ్రైవరు సీటు వెనక ఉండే ఇనుప కమ్మీ పట్టుకోవడానికి గట్టిగా అందుతుంది, మడిచే కుర్చీ నా కాళ్ల దగ్గరే, నా చేతి కిందే ఉంటుంది. కుర్చీ కళ్ల ముందు ఉంటుంది గనుక నా లెక్కలో ఆటో ప్రయాణం ఒకటి కూడా కాదు, అర. ఐదారు కిలోమీటర్ల లోపు దూరాలకు, మడిచే కుర్చీ ఉన్నవారికి, నేను క్యాబుకన్నా ఆటోనే ముందు సూచిస్తాను. గట్టి ఫ్రేము కుర్చీవాళ్లకు ఆటోలో చోటు చాలదు.

క్యాబులో మెత్తని సీటు, ఏసీ ఉంటాయి, దూర ప్రయాణానికి శరీరం అలసిపోదు. దాని కష్టమంతా డిక్కీలో ఉంది. మన నగరంలో సీఎన్‌జీతో నడిచే క్యాబులు చాలా ఉన్నాయి. వాటిలో సిలిండరు డిక్కీలో సగం చోటు ఆక్రమిస్తుంది, మడిచిన కుర్చీ పట్టదు. బుకింగ్ అయిన వెంటనే ఫోను చేసి "అన్నా, డిక్కీల సిలిండర్ ఉందా? నా దగ్గర వీల్‌చైర్ ఉంటది, పట్టాలె" అని అడగండి. ఉందంటే మర్యాదగా రద్దు చేసుకుని మరొకటి చూసుకోండి. బండి వచ్చాక ఆ మాట చెప్తే ఇద్దరికీ నష్టమే. ఒకసారి ఒక డ్రైవరు కుర్చీని డిక్కీలోకి దించడానికి బలంగా నొక్కడంతో బ్రేకు కమ్మీ వంగిపోయింది. తిరుగు ప్రయాణమంతా ఒక బ్రేకుతోనే నెట్టుకు రావలసి వచ్చింది. అప్పటి నుంచి ఊడదీయగలిగిన ఫుట్‌రెస్టులు, కుషన్ రెండింటినీ ముందే తీసి సీటు మీద నా పక్కన పెట్టుకుంటున్నాను. ఇప్పుడు డిక్కీలోకి వెళ్లేది ఫ్రేము, చక్రాలు మాత్రమే. బండి మోడలు ఎంచుకునే వీలుంటే సీటు మీ కుర్చీ ఎత్తుకు దగ్గరగా ఉండే సెడాన్ తీసుకోండి. ఎత్తుగా ఉండే పెద్ద బండ్లు చూడటానికి విశాలంగా కనిపిస్తాయి, కానీ వాటిలోకి ఎక్కడం చాలా కష్టం.

సొంత వాహనం ఉన్నవారి సంగతి వేరు. యాక్సిలరేటరు, బ్రేకు చేతితో వాడేలా మార్పించిన కారు ఉంటే, గట్టి ఫ్రేము కుర్చీ చక్రాలు ఊడదీసి పక్క సీటు మీదికి మనమే లాక్కోగలిగితే, లెక్క మళ్లీ సున్నాయే. అంతకు మించిన ఏర్పాటు నాకు కనిపించలేదు. పక్క చక్రాలు బిగించిన స్కూటరుపై వెళ్లేవారు రెండు విషయాలు గమనించాలి. ఔటర్ రింగు రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు కాబట్టి సర్వీసు రోడ్డు మీదే వెళ్లాలి. వెనక కుర్చీ పెట్టుకునే స్టాండు లేకపోతే పార్కు గేటు దగ్గర మీ దగ్గర కుర్చీ ఉండదు. ఐఐటీ మద్రాసులో పుట్టిన నియోమోషన్ సంస్థ తయారుచేసే నియోబోల్ట్ వంటి మోటారు భాగం కుర్చీ ముందు తగిలించుకుని నడిపేది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది, పైగా కుర్చీ దిగనక్కరలేదు. నగరంలోని పార్కులకు అది చక్కటి దారే, కానీ విజయవాడ హైవే మీద లారీల మధ్య ఫిల్మ్ సిటీ దాకా దాని మీద వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

ఏ పార్కుకు ఏ దారి

రామోజీ ఫిల్మ్ సిటీ నగరం నుంచి దాదాపు 30 కిలోమీటర్లు, విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఉంది. మియాపూర్, కూకట్‌పల్లి, అమీర్‌పేట వైపు ఉన్నవారు మెట్రోలో ఎల్బీనగర్ దాకా వచ్చి అక్కడి నుంచి క్యాబు ఎక్కడం మంచిది. మొత్తం దూరం క్యాబులోనే వచ్చినా కుర్చీ డిక్కీలోకి వెళ్లేది ఒకేసారి, మెట్రో కలుపుకున్నా ఒకేసారి. లెక్క పెరగదు, కిరాయి సగానికి సగం తగ్గుతుంది, ట్రాఫిక్‌లో ఒకే భంగిమలో కూర్చునే సమయం తగ్గుతుంది. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, కొత్తపేటల్లో ఉన్న మాలాంటివారికి మాత్రం కొద్ది స్టేషన్ల కోసం నాలుగు లిఫ్టులు ఎక్కి దిగడం దండగ. ఇంటి ముందే క్యాబు ఎక్కేయడం నయం. ఒక్క హెచ్చరిక: సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు ఆ హైవే మీద ఆంధ్రకు వెళ్లే బండ్లు బారులు తీరుతాయి. అప్పుడు గంట ప్రయాణం మూడు గంటలవుతుంది, అంతసేపు సీటు మీద ఒత్తిడి మార్చుకోలేని పరిస్థితి ఏర్పడుతుంది. పండగ సెలవులకు ఫిల్మ్ సిటీని పెట్టుకోవద్దు.

వండర్‌లా రావిర్యాలలో, ఔటర్ రింగు రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర ఉంది, 2016లో మొదలైంది. గచ్చిబౌలి వైపు ఉన్నవారికి ఔటర్ మీదుగా నేరుగా క్యాబులో వెళ్లడమే సులువు. ఎల్బీనగర్ వైపు వారు సాగర్ రోడ్డు మీదుగా బొంగుళూరు వచ్చి అక్కడి నుంచి వెళ్లవచ్చు. ఇక్కడ మెట్రోను కలుపుకోవడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు. వెళ్లడం కష్టం కాదు, రావడం కష్టం. పార్కు మూసే వేళకు అందరూ ఒకేసారి బయటికి వస్తారు, డిక్కీ ఖాళీగా ఉన్న క్యాబు ఆ గంటలో దొరకడం అరుదు. వెళ్లిన బండినే రోజంతటికీ మాట్లాడుకోవడమో, మూసే వేళకు గంట ముందే బయటపడటమో చేయాలి. కిరాయి ఎక్కువైనా సరే, నేను మొదటిదే చేస్తాను.

బహదూర్‌పురాలోని నెహ్రూ జూపార్కు థీమ్ పార్కు కాకపోయినా, మొదటిసారి ఒంటరిగా వెళ్లేవారికి నేను మొదట చెప్పేది అదే. 1963లో ప్రజలకు తెరిచిన ఈ జూ 380 ఎకరాల్లో ఉంది, సోమవారం సెలవు. ఎంజీబీఎస్ దాకా మెట్రోలో వచ్చి, అక్కడి నుంచి ఆటోలో వెళ్తే పోయేటప్పటి లెక్క అర దాటదు. పాతబస్తీ రోడ్ల రద్దీ వల్ల కాస్త ఆలస్యం కావచ్చు, కానీ ఏ సమయంలోనైనా వెనక్కి రావడానికి ఆటోలు దొరుకుతాయి. ఒంటరిగా వెళ్లినవారికి దీన్ని మించిన ధీమా లేదు.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న లుంబినీ పార్కు చిన్నది. ఖైరతాబాద్, లక్డీకాపూల్ మెట్రో స్టేషన్ల నుంచి మరీ దూరం కాదు. ఆ దూరాన్ని ఆటోలో దాటండి, ఫుట్‌పాత్ మీద కుర్చీ నడుపుకుంటూ వెళ్దామని అనుకోవద్దు. బుద్ధ విగ్రహం దాకా వెళ్లే పడవ ఎక్కాలంటే మాత్రం కుర్చీని వదలాల్సి వస్తుంది గనుక, అది కావాలో వద్దో ఒడ్డున కూర్చుని నింపాదిగా నిర్ణయించుకోండి.

పార్కు లోపల

గేటు దాటాక మరో ఎంపిక మొదలవుతుంది, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఫిల్మ్ సిటీ విస్తీర్ణం 1,666 ఎకరాలు. ప్రపంచంలోనే అతి పెద్ద సినిమా స్టూడియో సముదాయంగా గిన్నిస్ గుర్తించిన స్థలం. అందులో చేతితో కుర్చీ నడుపుకుంటూ తిరగడం ఎవరి భుజాలకూ సాధ్యం కాదు. సందర్శకులను బస్సుల్లో తిప్పి, అక్కడక్కడ దింపి, మళ్లీ ఎక్కించుకుంటారు. ప్రతి మజిలీలో దిగాలనుకుంటే రోజు ముగిసేలోగా కుర్చీ ఎన్నిసార్లు మడిచి విప్పాలో, సీటులోకి ఎన్నిసార్లు మారాలో ఆలోచించండి. నా పద్ధతి ఇది: ముందు రోజే నాకు నిజంగా చూడాలనిపించే రెండు మజిలీలు ఎంచుకుంటాను, అక్కడే దిగుతాను, మిగతా సెట్లను బస్సులోంచి చూస్తాను. ప్రదర్శనలు, తిండి ఒకేచోట దొరికే యురేకా ప్రాంగణంలో ఎక్కువ సమయం గడుపుతాను. ఇలా చేస్తే ఆరేడు మార్పిళ్లు రెండుకు తగ్గుతాయి. చూడనిదేదో మిగిలిపోయిందనే బాధ మొదటిసారి కొంచెం ఉంటుంది, కానీ మర్నాడు భుజాలు నొప్పి పుట్టకపోతే ఆ బాధ గుర్తుకు రాదు.

బస్సులో మీరు కూర్చున్నాక కుర్చీ ఎక్కడ ఉంటుందని సూటిగా అడగండి. అదే బస్సులో వస్తుందా, వెనక మరో బండిలో వస్తుందా, మీరు దిగే చోటికి మీకన్నా ముందు చేరుతుందా అన్నది తెలియకుండా కుర్చీ దిగవద్దు. కుషన్ మాత్రం ఏ పరిస్థితిలోనూ మీతోనే ఉండాలి. దాని మీదే బస్సు సీటులో కూర్చోండి. కుర్చీకి మీ పేరు, ఫోను నంబరు రాసిన పట్టీ కట్టండి. ఎవరైనా పక్కకు తీసినా మీది అని తెలుస్తుంది.

జూలో లెక్క తిరగబడుతుంది. అక్కడ బ్యాటరీ బండ్లు ఉన్నాయి, అందరూ మొదట అటే చూస్తారు. నేను మాత్రం బ్యాటరీ బండి ఎక్కకుండా సొంతంగానే నడుపుకుంటాను. చెట్ల నీడ ఉంటుంది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగవచ్చు, కుర్చీ దిగే పనే లేదు. 380 ఎకరాలూ ఒకే రోజు తిరగాలన్న పట్టు మాత్రం వదులుకోవాలి. గేటు నుంచి ఒక వైపు మాత్రమే పోయి, సగం శక్తి అయిపోయిందనిపించిన చోటు నుంచి వెనక్కి తిరగాలి. చాలామంది మూడొంతులు అయ్యేదాకా పోయి, ఆ తర్వాత తిరుగుదారిలో ఎవరైనా నెట్టాల్సిన స్థితికి వస్తారు.

వండర్‌లాలో లోపల తిరగడానికి బండి అక్కరలేదు, కాలినడక పార్కు అది. అక్కడ కుర్చీ మారేది రైడు ఎక్కేటప్పుడే. ప్రతి రైడుకూ భద్రతా నియమాలు ఉంటాయి, ఒంటి పైభాగం నిలుపుకోలేనివారిని, కాళ్లు ఆనించలేనివారిని కొన్నిటికి అనుమతించరు. గేటు లోపలికి వెళ్లాక తెలుసుకుని నిరాశ పడేకన్నా టికెట్ కొనే ముందే ఫోనులో అడగడం మంచిది. నీళ్ల రైడ్లున్న చోట చక్రాలు తిప్పడానికి పట్టుకునే చేతి రింగులు తడిసి జారిపోతాయి కాబట్టి రబ్బరు పట్టు ఉన్న చేతి తొడుగులు దగ్గర ఉంచుకోండి.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రుల్లో, అక్కడే ఉన్న మన తెలుగువాళ్లలో కొందరు ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ గురించి కూడా అడుగుతారు కనుక ఆ మాట ఇక్కడే చెప్పేస్తాను. అక్కడ పార్కుకూ పార్కుకూ మధ్య తిరిగే బస్సులకు ర్యాంపు ఉంటుంది, డ్రైవరే కుర్చీని నేలకు పట్టీలతో బిగిస్తాడు. మోనోరైలు దగ్గర సిబ్బంది ప్లాట్‌ఫారానికి, రైలుకు మధ్య చిన్న ర్యాంపు వేస్తారు. 2019 సెప్టెంబరులో మొదలైన స్కైలైనర్ అనే తీగ మార్గంలో వీల్‌చైర్ వాళ్లు ఎక్కడానికి వేరే చోటు ఉంది, అక్కడ పెట్టె పూర్తిగా ఆగుతుంది. పడవల విషయంలో మాత్రం పడవ రకాన్ని, నీటి మట్టాన్ని బట్టి కుర్చీతో ఎక్కగలిగేదీ లేనిదీ తేలుతుంది. బస్సు, మోనోరైలు, స్కైలైనర్‌లలో నా లెక్క సున్నా. వాటిలో ఒంటరిగా వెళ్లేవారికి నేను బస్సునే ముందు చెప్తాను. నిదానమే అయినా, ఉరుములు మెరుపులు వస్తే స్కైలైనర్ ఆగిపోతుంది, బస్సు ఆగదు.

ఫోనులో అడగాల్సినవి

ఏ పార్కుకైనా రెండు మూడు రోజుల ముందు ఫోను చేసి అడగండి. "మీ దగ్గర వీల్‌చైర్ సౌకర్యం ఉందా" అని అడగకండి. ఉందనే చెప్తారు, అంటే గేటు దగ్గర అద్దెకు ఒక కుర్చీ ఉందని వాళ్ల ఉద్దేశం. మన కుర్చీ మన దగ్గరే ఉంది. అడగాల్సింది: లోపల తిరిగే బస్సులో ఎన్ని మెట్లు ఉన్నాయి, ర్యాంపు ఉన్న బండి ఏదైనా ఉందా, సొంత కారు లోపలికి ఎంతవరకు వస్తుంది, కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఎక్కడెక్కడ ఉంది, దాని తలుపు వెడల్పు ఎంత. తలుపు 90 సెంటీమీటర్లు ఉంటే ఏ కుర్చీకైనా చాలు. ర్యాంపు ఉందని చెప్తే ఏటవాలు ఎంత అని కూడా అడగండి. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉన్న ర్యాంపును చేతులతో ఒంటరిగా ఎక్కగలం. ఆరు అడుగులే ఉంటే వెనక ఎవరో ఒకరు నెట్టాలి. సామాను ట్రాలీల కోసం కట్టిన ర్యాంపును చూసి ర్యాంపు ఉందని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల తప్పు కాదు, తేడా తెలియదు, అంతే.

ఏదైనా సరిగా లేకపోతే ఈమెయిలులో రాతపూర్వకంగా అడగండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. దానిలోని 46వ సెక్షను ప్రభుత్వ సంస్థలకే కాక ప్రైవేటు సేవా సంస్థలకూ అందుబాటు నియమాలు వర్తిస్తాయని చెప్తుంది. పోట్లాడుతున్నట్టు కాకుండా, ఆ సెక్షను పేరు చెప్పి, ఫలానా రోజు వస్తున్నాను, ఫలానా ఏర్పాటు కావాలి అని రాస్తే, రాతలో ఉన్న మాటకు జవాబు చెప్పే బాధ్యత ఎవరో ఒకరి మీద పడుతుంది. వెళ్లిన రోజు ఆ ఈమెయిలు ఫోనులో తెరిచి చూపిస్తే గేటు దగ్గర వాదన సగం తగ్గుతుంది. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) వెంట ఉండనే ఉండాలి.

ఏ నెలలో, ఏ వేళలో

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడైనా వెళ్లండి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు చేతి రింగులు పట్టుకోలేనంతగా కాలుతాయి, స్పర్శ లేని కాళ్లకు ఎండలో వేడెక్కిన ఫుట్‌రెస్టు ఇనుము తగిలి కాలినా తెలియదు. జులై, ఆగస్టుల్లో వాన పడితే టైరు తడిసి బ్రేకు పట్టదు. వారం మధ్యలో, మంగళ, బుధ, గురువారాల్లో, జనం తక్కువ ఉంటారు కాబట్టి సిబ్బంది మీ మాట వినడానికి తీరిక ఉంటుంది. క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వాడేవారు బయలుదేరే సమయాన్ని దాని వేళలతో కలిపి లెక్కవేసుకోండి, ఎందుకంటే ట్రాఫిక్ ఎంతసేపు పట్టినా శరీరం ఆగదు. కూర్చున్న చోటనే ప్రతి 15, 20 నిమిషాలకు ఒకసారి చేతులు ఆనించి ఒంటిని పైకి లేపడం బస్సులోనైనా, క్యాబులోనైనా మానవద్దు.

తిరుగు ప్రయాణం ముందే నిర్ణయించి ఉంచండి. మెట్రో రాత్రి 11 దాకా నడుస్తుంది కాబట్టి ఫిల్మ్ సిటీ నుంచి ఎల్బీనగర్ దాకా క్యాబు దొరికితే చాలు, ఆ తర్వాత కుర్చీ మీదే ఇంటి దాకా చేరవచ్చు. ఇంటి ముందు క్యాబు ఆగినప్పుడు నేను డ్రైవరును డబ్బులు తీసుకునే ముందే డిక్కీ తెరవమంటాను. ఫ్రేము, రెండు చక్రాలు, రెండు ఫుట్‌రెస్టులు చూసుకుని, బ్రేకులు రెండూ బిగిసి ఉన్నాయో లేదో ఒకసారి నొక్కి చూసుకుని, కుషన్ కుర్చీలో వేసుకుని కూర్చున్నాకే "సరే అన్నా, పో" అంటాను.